కుడి భుజం మీద మూడు గీతలు

రోకలి మొదటి దెబ్బ గోడకు తగిలింది. మట్టిపెళ్ళ ఊడి కుళ్ళాయప్ప ఒళ్ళో పడింది. రెండో దెబ్బ గురి తప్పలేదు. మోకాలిచిప్ప మీద పడింది.

కుళ్ళాయప్ప అరవలేదు. కాలు ముడుచుకున్నాడు, అంతే.

"ఏంటికి పెట్టినావురా?" అంది చిన్నక్క. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆమె మొగుణ్ణి 'రా' అనడం అదే మొదలు. "నోట్లో ఏముండాది, మన్నా? చెప్పు. నా బిడ్డ మీద వాత ఏంటికి పెట్టినావు?"

అతను పొయ్యి వైపు చూస్తూ కూర్చున్నాడు. గొర్రెలకు వాతలు పెట్టే ఇనుప కమ్మి ఇంకా పొయ్యిలోనే ఉంది. దాని కొసన ఏదో నల్లగా అంటుకుని ఉంది. అదేమిటో ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ఎవరూ దాని పేరు ఎత్తడం లేదు.

రెబెకా లోపలి గోడకు ఆనుకుని ఉంది. కుడి భుజం మీద తడిగుడ్డ. గుడ్డ కింద నాలుగేసి వేళ్ళ పొడవున మూడు గీతలు, పొద్దున ఐదింటికి పడినవి. అప్పుడు చిన్నక్క ఇంట్లో లేదు. కరెంటు వచ్చిందని బిందెలు ఎత్తుకుని బోరు దగ్గరికి పోయింది. వరసలో నిలబడి తిరిగొచ్చేసరికి తొమ్మిదయింది. గడపలోనే వాసన కొట్టింది. "ఏ గొర్రెకు బాగలేదు?" అని అడిగింది. బిందె దించి, కూతురి భుజం మీది గుడ్డ ఎత్తి చూసింది. ఆ తర్వాత చేతికి దొరికింది రోకలి.

ప్రహరీ అవతల నుంచి పక్కింటి బయమ్మ తల కనపడింది.

"ఏమే చిన్నక్కా, పొద్దన్నే మొగున్ని చంపుతావా? మనిషికి వాత పెట్టినాడంట కదా. గొర్రెల్తో తిరిగి తిరిగి ఆయప్పకు తేడా తెలీకుండా పోయినాది."

"నీ పొయ్యి మీద సంగటి మాడుతాండాది. పో బయమ్మత్తా."

"మాడనీలే. దినామూ తినేదే కదా."

బయమ్మ తల కదల్లేదు. ఇంత మంచి సందర్భం వదిలి సంగటి దగ్గరికి ఎవరు పోతారు?

ఆ భుజం సంగతి చెప్పాలి. ఎనిమిదేళ్ళ వయసులో ఆ భుజం గొర్రెలను మళ్ళించింది. మందలోంచి పక్కకు పోయే గొర్రెకు రాయి తగలకూడదు. దాని మూతి ముందు రెండడుగుల్లో పడాలి. తగిలితే కుళ్ళాయప్ప వీపు పగలగొట్టేవాడు, ఎందుకంటే గొర్రెలు అతనివి కావు. ఊళ్ళో పొలమూ బోర్లూ ఉన్న రాఘవేంద్రవి. అట్లా నేర్చుకుంది గురి. పదమూడో ఏట హైస్కూలు ఆటల సారు రాజేంద్ర ఆ గుట్ట కిందగా మోటారు సైకిలు మీద పోతూ, బండి ఆపి, అరగంట చూశాడు. మర్నాడు ఆమె చేతిలోని రాయి తీసేసి తెల్లబంతి పెట్టాడు. బేస్‌బాల్ అన్నాడు. అదేం ఆటో ఊళ్ళో ఎవరికీ తెలీదు. క్రికెట్టుకు చెల్లెలనుకున్నారు.

తొమ్మిదేళ్ళయింది. జిల్లా జట్టు, రాష్ట్రం జట్టు, మూడుసార్లు దేశస్థాయి పోటీలు. పోయిన ఏడు ఒకే మ్యాచిలో పదకొండు మంది కొట్టడానికి వచ్చి, ఆమె బంతిని ముట్టుకోకుండానే వెనక్కి పోయారు. రేపు అనంతపురంలో సెలక్షను. దేశం మొత్తం మీద ముప్పై మందిని క్యాంపుకు తీసుకుంటారు. నల్లమాడ చుట్టుపక్కల పల్లెల్లో, గుడిసెలో, రేకుల ఇంట్లో పుట్టి ఆ పిలుపు అందుకున్నది ఒక్కతే. పదకొండు గంటల బస్సుకు రాజేంద్ర సారు వచ్చి పిలుచుకుపోవాలి.

ఇప్పుడు తొమ్మిదింపావు.

"పోయిన ఆదివారమే అనుకున్యా" అంది చిన్నక్క. ఆమె గొంతు తగ్గింది. రోకలి తగ్గలేదు. "గ్లౌజు తీస్కపోయి దొడ్లో పడేసినావు చూడు, గొర్రెల పెంట్లో. ఆటా వద్దు గీటా వద్దు, బెంగుళూరు గార్మెంట్సుకు పో అన్యావు. మాటతో పోలేదని ఇట్ల చేసినావు. అవునా, కాదా?"

కుళ్ళాయప్ప తల ఎత్తాడు. కూతురి వైపు చూడలేదు. పెళ్ళాం వైపు చూశాడు.

"అవును" అన్నాడు.

రెబెకా కదిలింది. భుజం గోడకు ఒరుసుకుంది. పంటి కింద పెదవి తెల్లబడింది.

"మా" అంది.

"నువ్వు పలుకొద్దు. నీళ్ళు తాగి పండుకో."

"మా, అది కాదు..."

"పలుకొద్దంటాండాడు కదా మీయమ్మ" అన్నాడు కుళ్ళాయప్ప.

తొట్రుపడినప్పుడు మాటల్లో ఆడా మగా కలిపేసేవాడు అతను. ఎప్పుడూ ఇంట్లో నవ్వులాటకు పనికొచ్చే సంగతి. ఈ పొద్దు ఎవరూ నవ్వలేదు.

*

సుంకప్ప మోటారు సైకిలు శబ్దం వీధి మొదట్లోనే తెలిసిపోతుంది. సైలెన్సరు లేదు. చిన్నక్కకు తమ్ముడు. జేసీబీ నడుపుతాడు. మేనకోడలి ఫొటో పేపర్లో వచ్చిన రోజు ఆ పేపరు జేసీబీ అద్దానికి లోపలివైపు అంటించుకున్నాడు. ఎండకు అది పసుపుపచ్చగా అయింది. తీయలేదు.

కబురు వీధిలోనే అందినట్టుంది, లోపలికి వచ్చి ఎవరినీ ఏమీ అడగలేదు. రెబెకా దగ్గర గొంతుక్కూర్చుని గుడ్డ ఎత్తాడు. చూశాడు. గుడ్డ మళ్ళీ జాగ్రత్తగా కప్పాడు.

లేచి, కుళ్ళాయప్ప రొమ్ము మీద తన్నాడు.

కుళ్ళాయప్ప వెనక్కి పడ్డాడు. తల అరుగు అంచుకు తగిలి చిట్లింది. సుంకప్ప జుట్టు పట్టుకుని లేపి, ఇంకోటి చెంప మీద ఇచ్చాడు. ఇంకోటి. చిన్నక్క రోకలి కింద పెట్టింది. తాను కొట్టినప్పుడు లేని భయం ఆమెకు ఇప్పుడు వచ్చింది.

"చాలు సుంకప్పా."

"చాలేంటి చాలు? బావా, నిన్ను మనిషనుకున్యా. ఆ పిల్ల బంతి ఏస్తాంటే బళ్ళారోళ్ళు, బెంగుళూరోళ్ళు నోరు తెర్చినారు. నీకేమొచ్చె? చెప్పు. గొర్రెల కాపరి కూతురు గొర్రెల కాడనే సావాలనా?"

"అవును" అన్నాడు కుళ్ళాయప్ప మళ్ళీ. నోట్లోంచి రక్తం కారుతోంది. ఏదడిగినా అవును. ఆ మాట ఒక్కటే మిగుల్చుకున్నాడు.

"ఏ చేత్తో పెట్టినావు?"

కుళ్ళాయప్ప పొయ్యి వైపు చూశాడు.

"ఏ చేత్తో?"

కుళ్ళాయప్ప కుడిచెయ్యి చాపి నేల మీద పెట్టాడు. లొంగిపోయిన మనిషి పెట్టినట్టు లేదు. అడిగిన వస్తువు ఇచ్చినట్టు పెట్టాడు. సుంకప్ప బూటుకాలు దాని మీదికి దిగింది. మణికట్టు దగ్గర చెనిక్కాయ ఒలిచినట్టు చప్పుడయింది.

అప్పుడు అరిచాడు కుళ్ళాయప్ప. ఒక్కసారే.

బయమ్మ తల ప్రహరీ అవతల మాయమైంది.

*

సుంకప్ప సారుకు ఫోను చేయడానికి వీధిలోకి పోయాడు. ఇంట్లో సిగ్నలు అందదు. చిన్నక్క కలబంద తెస్తానని పెరట్లోకి పోయింది. పోతూ వెనక్కి చూసింది. మొగుణ్ణా కూతుర్నా, ఎవరిని చూసిందో ఆమెకే తెలీదు.

ఇద్దరే మిగిలారు. మధ్యన నాలుగడుగుల నేల.

"చెప్తా నాయనా" అంది రెబెకా.

"గమ్మునుండు."

"మామ చంపుతాడు నిన్ను."

"సుంకప్పా? వానికి కొట్టేది చాతగాదులే. జేసీబీ మాదిరి కొడ్తాండాడు. యాడ పడ్తాండాదో వానికే తెలీదు."

అతను నవ్వబోయాడు. విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో దాన్ని పట్టుకున్నాడు, ఈనిన గొర్రెపిల్లను పట్టుకున్నట్టు.

"నేనే కదా అడిగింది" అంది రెబెకా. "నేనే కదా పొయ్యి అంటించింది."

"అరుచొద్దు."

అడిగింది ఆమే. నలభై రోజులుగా భుజం లేవడం లేదు. చెవి దాకా వస్తుంది, అక్కడ ఆగిపోతుంది. లోపల ఎవరో కొడవలి పెట్టి గీకినట్టుంటుంది. కదిరిలో ఎముకల డాక్టరుకు దొంగతనంగా చూపించుకుంది. లోపల నరం చిరిగిందన్నాడు. మూడు నెలలు బంతి ముట్టొద్దన్నాడు. మూడు నెలలు. సెలక్షను అప్పటికి నలభై రోజుల్లో ఉంది. ఇట్లాంటి పిల్లకు మూడు నెలల మాట చెప్పడం సులభం. ఆ మూడు నెలలూ ఆమె జాగా పట్టి ఉంచేది ఎవరు?

నొప్పి సూది వేయించుకుంది. ఐదు వేయించుకుంది, సూది పనిచేసే దినాల్లోనే సారు ముందు బంతి వేసింది. ఆరోదానికి నొప్పి వినలేదు. ఈ పొద్దు తెల్లవారుజామున, తల్లి బిందెలు ఎత్తుకుని పోయిన అడుగుల చప్పుడు ఆగాక, లేచి తండ్రి పక్కన కూర్చుంది.

"నాయనా, పోయినేడు రాఘవేంద్ర పొట్టేలుకు భుజం పడిపోతే ఏం చేసినావు?"

"వాత పెట్టినా."

"నడిచిందా?"

"మర్నాటికే కాలు మోపింది. తొమ్మిదోనాటికి డీ కొట్టింది."

"నాకూ పెట్టు."

ఆమె చదువుకున్నది. ఇంటరు పాసయింది. అయినా నమ్మింది. పుట్టినప్పటినుంచి కళ్ళతో చూసింది కదా, పడిపోయిన గొర్రె లేవడం. ఆ పొట్టేలు లేచి నడవడం ఆమె చూసింది. డాక్టరు రాసిన కాగితంలోంచి ఏదీ లేచి నడవలేదు. కుళ్ళాయప్ప గంట సేపు కుదరదన్నాడు. చివరకు అతనికి కూడా వేరే దారి కనపడలేదు. చెయ్యి వణక్కుండా పెట్టాడు. చెయ్యి వణికితే గీత వంకర పోతుంది, వంకర పోతే నరం పట్టదు అని అతని తండ్రి చెప్పిన మాట. రెబెకా నోట్లో తువ్వాలు కుక్కుకుంది. మూడు గీతలూ అయ్యేదాకా అరవలేదు.

ఇప్పుడు భుజం చెవి దాకా కూడా రావడం లేదు.

"సారుకు తెలిస్తే ఏమైతాది?" అని అడిగాడు కుళ్ళాయప్ప.

"తీసేస్తారు. దెబ్బ దాచి పెట్టినోళ్ళను ఆ ఏడంతా పక్కన పెడతారు."

"అయితే నువ్వు అడగలేదు. నేను పెట్టినా. అయిపాయె."

"పోయిన వారం బెంగుళూరుకు పొమ్మన్యావు కదా నాయనా. ఇబుడేంటికి ఇట్ల చేస్తాండావు?"

కుళ్ళాయప్ప విరిగిన చెయ్యి ఒళ్ళో సర్దుకున్నాడు.

"నిద్దట్లో మూలుగుతాండావు నువ్వు" అన్నాడు. "నెల నుంచి. మీయమ్మ ఎనక్కు తిరిగి పండుకుంటాది, ఆమెకు ఇనపడదు. నాకు ఇనపడ్తాండాది. అది ఇనలేక పొమ్మన్యా."

పెరటి తలుపు చప్పుడైంది. ఇద్దరూ నోరు మూసుకున్నారు.

*

రాజేంద్ర సారు బస్సు టికెట్లు జేబులో పెట్టుకుని వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. మెడలో విజిల్. సంచిలో కొత్త బంతులు. గడపలో నెత్తురు చూసి చెప్పులు విప్పడం మరిచిపోయాడు.

వాతలు చూశాడు. అతని మొహంలో మొదట వచ్చింది జాలి కాదని చెప్పాలి. లెక్క వచ్చింది. రేపు పొద్దున ఎనిమిదింటికి సెలక్షను, ఈ చర్మం మానడానికి ఎన్ని రోజులు, ఎవరికి ఫోను చేయాలి. తొమ్మిదేళ్ళు ఎండలో నిలబడి తయారు చేసిన పిల్ల. అతనికి కూడా చూపించుకోవడానికి ఇంకొకటి లేదు.

వీధిలోకి పోయి ఇరవై నిమిషాలు మాట్లాడి వచ్చాడు.

"సెలక్షను కమిటీ ఆయనతో మాట్లాడినా" అన్నాడు. "ఒక దారి ఉండాది. పాత దెబ్బ అయితే ఏమీ చేయలేమన్నాడు. పేరు కొట్టేస్తారు. కానీ ప్లేయర్ మీద ఎవరైనా దాడి చేసింటే వేరే. పోలీసు కంప్లయింటు కాపీ పెడితే పదహైదు రోజులు ఆగి విడిగా ట్రయల్ పెడతారంట. ఇది పైన తోలు కాలడమే. లోపల భుజం బాగుండాది కదా. పదహైదు రోజుల్లో మానిపోతాది."

లోపల భుజం బాగుండాది కదా. ఆ మాట ఇంట్లో అట్లాగే నిలబడి ఉంది. దాన్ని ఎవరూ తాకలేదు.

"ఎవరి మీద కంప్లయింటు?" అంది రెబెకా.

రాజేంద్ర కుళ్ళాయప్ప వైపు చూశాడు. ఆ చూపే జవాబు.

"తెల్లకాగితం తెచ్చినా. నేను చెప్తా, నువ్వు రాయి. నీ చేతిరాత ఉంటేనే బలం. పదకొండు బస్సు బదులు స్టేషనుకు పోదాం."

"స్టేషనెందుకు సార్?" అన్నాడు సుంకప్ప. పొయ్యి దగ్గర వంగి ఉన్నాడు. ఎప్పుడు రాజేశాడో ఎవరూ చూడలేదు. చింతపుల్లలు భగ్గుమంటున్నాయి. కమ్మి కొస మొదట గోధుమరంగుకు, ఆ తర్వాత ఎర్రగా తిరిగింది. "నేను రాస్తా. ఇదే పెన్నుతో. ఎన్ని గీతలు బావా? మూడేనా? అదే భుజం, అదే జాగా."

"సుంకప్పా, చట్టం ఉండాది" అన్నాడు రాజేంద్ర.

"చట్టం మధ్యాన్నానికి వస్తాది సార్. నేను ఇబుడే ఉండా."

"సారూ, మీరన్నా అడ్డం పోండి" అంది చిన్నక్క. తాను మాత్రం అడ్డం పోలేదు. కలబంద మట్ట ఆమె చేతిలోనే నలిగి జిగురు కారుతోంది.

సుంకప్ప కమ్మి తీశాడు. పట్టుకున్న చోట తువ్వాలు చుట్టి ఉంది. కుళ్ళాయప్ప చొక్కా మెడ దగ్గర పట్టి చించాడు. బక్క భుజం. ఎండకు కమిలిన తోలు.

"నేనే" అంది రెబెకా. "మామా ఆగు. నేనే నాయన్ని..."

ఆమె మాట పూర్తి కాలేదు. కుళ్ళాయప్ప ఎడమచేత్తో ఎర్రటి కొసను పట్టుకున్నాడు.

సుంకప్ప వదిలేశాడు. కుళ్ళాయప్ప వదల్లేదు. అరచేతి నుంచి పొగ లేచింది. పొద్దున వాసనే మళ్ళీ ఇంటినిండా వచ్చింది. అతను రాజేంద్ర వైపు తిరిగి మాట్లాడాడు, గొంతు సాగదీయకుండా, గొర్రెల సంత దగ్గర బేరం చెప్పినట్టు.

"సారూ, రాసుకో. నేనే పెట్టినా. ఆట మానలేదని కోపం. బిడ్డ నిద్ర పోతాంటే పెట్టినా. ఆయమ్మికేమీ తెలీదు."

అప్పుడు వదిలాడు. కమ్మితో పాటు ఏదో ఊడి నేల మీద పడింది.

"నిద్ర పోతాంటేనా?" అంది చిన్నక్క.

ఆమె కూతురి వైపు తిరిగింది.

"నేను పొయ్యేటప్పుడు ఆ పిల్ల మేలుకోనే ఉండె. నీళ్ళు ఇమ్మంటే ఇచ్చె..." ఆమె ఆగిపోయింది. చెంబు ఏ చేత్తో ఇచ్చిందో గుర్తొచ్చింది. నెల రోజులుగా పిల్ల జడ వేసుకోకుండా ముడి వేసుకోవడం గుర్తొచ్చింది. చర్చిలో చేతులెత్తినప్పుడు ఒక చెయ్యే ఎత్తడం గుర్తొచ్చింది. చిన్నక్క మొగుడి రెండు చేతులనూ చూసింది. ఒకటి విరిగింది, ఒకటి కాలింది. మూలనున్న రోకలిని చూసింది.

ఆమె కూలబడి ఏడుస్తుందని మీరనుకుంటారు. ఏడవలేదు. కూతురి దగ్గరికి పోయి కూర్చుంది.

"రాయి" అంది.

"మా?"

"సారు చెప్పినట్టు రాయి. మీ నాయన నాలుగు దినాలు లోపలుంటే సావడు. ఇది పోతే మల్ల రాదు. నేను పోతా ములాకత్‌కు, నేను పెడతా సంగటి. రాయి."

"నీకు తెలిసె కదా మా."

"నాకేమీ తెలీదు. నాకు తెలీకుండానే ఉండనీ. రాయి."

"మీయమ్మ చెప్పినట్టు చెయ్" అన్నాడు కుళ్ళాయప్ప.

సుంకప్ప ఒకరి తర్వాత ఒకరి మొహం చూశాడు. ఏదో తప్పు జరిగిందని అతనికి అర్థమవుతోంది. అదేమిటో అందడం లేదు. రాజేంద్రకు అది కూడా లేదు. అతను కాగితం అట్ట మీద పెట్టి, పెన్ను మూత తీసి, రెబెకా ఒళ్ళో పెట్టాడు.

"పైన తేదీ వెయ్యి. 'అయ్యా, మా నాయన కుళ్ళాయప్ప నేను నిద్రలో ఉండగా' అని మొదలుపెట్టు."

రెబెకా పెన్ను తీసుకుంది. వంగి రాయడం మొదలుపెట్టింది. రాజేంద్ర చెప్తున్నాడు, ఒక్కో మాటా ఆపి ఆపి. ఆమె ఆగకుండా రాస్తోంది. అతను చెప్పేదానికంటే ముందే ముగించింది. కాగితం ఇచ్చింది.

మూడు వాక్యాలే ఉన్నాయి.

'నలభై దినాల నుంచి నా భుజం లేవడం లేదు. వాత పెట్టమని మా నాయనను అడిగింది నేను, పొయ్యి అంటించింది నేను. మా నాయన చెయ్యి విరిచింది మా మామ సుంకప్ప.'

కింద సంతకం.

రాజేంద్ర చదివాడు. మళ్ళీ చదివాడు. అక్షరాలు చక్కగా, వరసగా ఉన్నాయి. అప్పుడు చూశాడు, పెన్ను ఇంకా ఆమె ఏ చేతిలో ఉందో.

"ఎడం చేత్తో ఇంత బాగా రాసేది ఎప్పుడు నేర్చుకున్యావు?"

"ఈ నలభై దినాల్లోనే సార్."

"నాకేంటికి చెప్పలేదు?"

"చెప్పినా. నొప్పి అన్యా, ఉగాది ముందు. నొప్పి లేనోడు ప్లేయరే కాదన్యారు మీరు. దినానికి రెండు నూర్ల బంతులు ఏయించినారు. ఆ పొద్దు ఇంకో యాభై ఏయించినారు."

రాజేంద్ర మెడలో విజిల్ పట్టుకున్నాడు. దాన్ని ఏం చేయాలో తెలియక వదిలేశాడు.

"ఏం రాసినావే?" అన్నాడు సుంకప్ప. "సార్, ఏం రాసింది?"

"వాత నేనే అడిగినానని రాసినా మామా, నీ పేరూ రాసినా" అంది రెబెకా. "స్టేషన్ల కాగితమే కావల్లంటే ఆ మూడో మాట తీస్కపోండి. అది దాడే. నేను చూసినా."

సుంకప్ప వెనక్కి అడుగేశాడు. కాళ్ళ కింద పడి ఉన్న కమ్మిని దాటబోయి, దాటలేక, గోడకు ఆనుకుని కిందికి జారాడు. ఎదురుగా బావ. ఆ మనిషి దెబ్బలు తింటూ అవును అన్నది ఎందుకో అప్పుడు అందింది అతనికి.

"చించెయ్ సారూ" అన్నాడు కుళ్ళాయప్ప. కాలిన చెయ్యి గాల్లో పట్టుకుని ఉన్నాడు. "పిల్లకు జరం. ఏందో రాసింది. ఆ పొయ్యిలో ఎయ్."

చిన్నక్క కూడా ఆ కాగితం వైపే చూస్తోంది. వేస్తే బాగుండుననీ, వేస్తే సారును జన్మలో గడప తొక్కనివ్వననీ ఆ చూపులో రెండూ ఉన్నాయి.

రాజేంద్ర జేబులో ఫోను మోగింది. ఇంట్లో అందని సిగ్నలు ఆ క్షణాన ఎట్లా అందిందో. తెర మీద కమిటీ ఆయన పేరు. పొయ్యిలో చింతపుల్లలు ఇంకా మండుతున్నాయి. అతను కాగితాన్ని రెండు చేతుల్తో పట్టుకున్నాడు, మధ్యలో.

"చించండి సార్" అంది రెబెకా. "మల్ల రాస్తా. ఈ చెయ్యి బాగనే ఉండాది."